అరికాలి పటం

నాగక్క అరుపుతోనే మా వీధిలో పొయ్యిలు వెలిగేవి.

“అమ్మమ్మమ్మా, చచ్చినా! వదలప్పా కాలు!”

“రొంత ఓర్చుకో నాగీ. నొచ్చేది మంచిదే.”

రోజూ ఇదే గలాటా. ఎదురింటి అరుగు మీద మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే నాకు అది చూస్తే ఒకపక్క నవ్వు, ఒకపక్క ఒళ్ళు మంట. వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు మొగుడు పెళ్ళాన్ని కొడుతున్నాడనుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళు. వచ్చి చూస్తే ఆంజప్ప గోడకు ఆనుకుని బాసిపట్లు వేసుకుని కూర్చుని ఉంటాడు. నాగక్క ఎడమ పాదం ఆయన ఒళ్ళో ఉంటుంది. ఆయన బొటనవేలు ఆమె అరికాలి గుంటలో దిగి ఉంటుంది. ఆయన తల పైన గోడకు ఒక పటం, అందులో రంగురంగుల రెండు అరికాళ్ళు.

ఆ పటం ఒకటి చూసి చావాలి. బొటనవేలి కొసన తలకాయ, పక్క వేళ్ళ మొదట్లో కళ్ళు, చెవులు. వేళ్ళ కింద ఎత్తుగా ఉండే కండలో ఊపిరితిత్తులు, ఎడమ కాలికైతే గుండె కూడా. కుడి కాలికి చిటికెనవేలి వైపు కాలేయం, నడిమిన కిడ్నీ, మడమకు పైన పేగుల చుట్టలు. మనిషి లోపల ఏమేం ఉన్నాయో అవన్నీ దించి అరికాల్లో సర్దేసినట్టు ఉంటుంది. ఒక్కో చోటుకు ఒక్కో రంగు పూసి తమిళంలో పేరు రాశారు. గుంటలో పసుపు రంగు పూసిన చోట కణయం అని ఉంది. ఒంట్లో సుగరును అదుపులో పెట్టేది అదేనట. నాగక్కకు సుగరు. అందుకని రోజూ పొద్దున్నే ఆ పసుపు చోటు మీద ఆంజప్ప బొటనవేలు.

ఆమె అరుపు ఆగిపోయిన రోజున ఆయన వీధంతా ఓళిగలు పంచాడు. ఆ ఓళిగల సంగతి చెప్పేముందు ఆ మనిషి ఎలాంటివాడో చెప్పాలి, లేకపోతే ఆయనను మీరు మోసగాడని అనుకుంటారు. మోసగాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

ఆంజప్ప పుట్టడమే మందలో పుట్టాడు. వాళ్ళ నాయన గొర్రెలు తోలుకుని రాయకోట కొండ కిందికి పోయినప్పుడు, అక్కడి గొర్రెల దొడ్డి పక్కనే వాళ్ళమ్మ కనిందట. నడక వచ్చినప్పటి నుంచి గొర్రెల వెనకే. బడి లేదు, పలక లేదు. గొర్రెలతో పెరిగిన మనిషికి మాట ఎక్కడిది? ఎదురుపడిన మనిషిని బాగున్నావా అని ఆయన అడగడం నేను ఒక్కనాడు వినలేదు. నాకు జ్వరమొస్తే గడప దాకా వచ్చి, నా ముఖం చూసి, మెడ కింద చేయి పెట్టి చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. తర్వాత నాగక్క చేత కషాయం పంపాడు.

“ఎట్లుండాదని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోతాది బావా?” అని నేను ఎగతాళి చేస్తే, “గొర్రెను అడిగితే చెప్తాదా?” అన్నాడు.

“నేను గొర్రెనా?”

“ఆ మాట నేనన్నానా?” అని తల గోక్కున్నాడు.

గొర్రెకు జబ్బు చేస్తే ఆయన పద్ధతి ఒకటే. దాన్ని కాళ్ళ మధ్య ఇరికించుకుని చెవి వెనక నుంచి తోక దాకా బొటనవేలితో నొక్కుతూ పోతాడు. ఒకచోట అది ఉలికిపడుతుంది. అంతే, జబ్బు దొరికినట్టే. తర్వాత కొడవలి కొస ఎర్రగా కాల్చి వాత పెడతాడు. జబ్బు ఉన్నచోట కాదు, దానికి పెద్దలు చెప్పిన చోట. కడుపు ఉబ్బితే తొడ మీద ఒక చోటు, ఊపిరి ఆడకపోతే భుజం వెనక ఒక చోటు. వాళ్ళ తాత ఆయన చేయి పట్టుకుని ఆ చోట్లన్నీ నేర్పించాడట. మళ్ళీ పొద్దున నొక్కి చూస్తాడు. ఉలికిపడితే జబ్బు ఉన్నట్టు, ఉలకకపోతే పోయినట్టు. నయమైన దాన్ని మందలోకి తోలేస్తాడు, ఇంక దాని జోలికి పోడు. కొడుకు ముఖేశ్‌కు పసితనంలో కడుపునొప్పి వస్తే బొడ్డు పక్కన వాత పెట్టింది కూడా ఈయనే. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

తర్వాత మా ఊరు అత్తిముగం చుట్టుపక్కల మేపడానికి చోటు లేకుండా పోయింది. బీళ్ళన్నీ ప్లాట్లయ్యాయి, చేలల్లో ప్లాస్టిక్ కప్పేసి రోజాపూల షెడ్లు లేపారు. గొర్రెలు అమ్మేసి ఆంజప్ప హోసూరులో ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. నాగక్క రోజా షెడ్డులో పూలు కోయడానికి పోయింది. ముఖేశ్ ఆ పూలనే వ్యానులో వేసుకుని మార్కెట్టుకు తోలేవాడు.

ఆ కంపెనీవాళ్ళు ఒకసారి పనివాళ్ళందరినీ ఒక కల్యాణ మంటపానికి తీసుకుపోయారు. పాదాలు నొక్కి జబ్బులు నయం చేసే ఆయన ఎవరో వచ్చి మైకు పట్టుకుని చెప్పాడట. బల్బు ఇంటి మధ్యలో వెలుగుతుంది గానీ స్విచ్చు గోడకు ఉంటుంది కదా, అలాగే ఒంట్లోని ప్రతి అవయవానికీ అరికాల్లో ఒక స్విచ్చు ఉంది, అది నొస్తే లోపల ఆ అవయవం చెడిందని అర్థం, నొక్కుతూ నొక్కుతూ నొప్పి పోగొడితే లోపల అవయవం బాగుపడుతుంది, అని. వేరేవాళ్ళంతా భోజనాలకు లేచారు. ఆంజప్ప లేవలేదట. పటం కొనుక్కుని, గుండ్రటి కొస ఉన్న చిన్న కట్టె ఒకటి కొనుక్కుని ఇల్లు చేరాడు. ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేను మునుపు చూడలేదు.

“సుధామణీ, మా తాత గొర్రెకు చేసిందే ఆ సారు మనిషికి చేస్తా ఉండాడు. ఈడ కాల్చేది లేదు, అంతే తేడా.”

“అట్లనా బావా! అయితే మా ఆయన నోరు మూసే పాయింటు యాడుండాదో రొంత చూడు.”

ఆయన నవ్వలేదు. పటం దగ్గరికి పోయి నిజంగానే వెతికాడు.

కాంట్రాక్టు మారి వాచ్‌మన్ పని పోయాక ఆయనకు అదే పనైంది. హోసూరు కంపెనీల్లో నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయిన ఆడపిల్లలు, రోజా షెడ్లలో కోతకు పోయేవాళ్ళు సాయంత్రం పూట వచ్చి కాళ్ళు చాపేవాళ్ళు. ఆంజప్ప ఎవరినీ ఏమని అడగడు. నొక్కుతాడు, ముఖం చూస్తాడు. ముఖం ముడుచుకున్న చోట ఆగుతాడు. “కడుపు సరిగా లేదు నీకు” అంటాడు. కంపెనీ క్యాంటీను తిండి తినేవాళ్ళకు కడుపు సరిగా ఉంటుందా? వాళ్ళు నోరు తెరిచి చూసేవాళ్ళు. నాకూ ఒకసారి తలనొప్పికి నొక్కాడు. పోయిందా అంటే పోయింది. ఒక గంట మిషను దిగి కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఎవరికైనా పోతుంది. పాదాలు నొక్కితే హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది, అంతవరకూ ఆ చేతుల్లో మంచే ఉంది. అక్కడితో ఆగి ఉంటే నేనూ రోజూ కాళ్ళు చాపేదాన్ని.

నాగక్కకు సుగరు ఉందని చెప్పింది నర్సమ్మ అముద. వీధుల వెంట తిరిగి బీపీకి, సుగరుకు మాత్రలు ఇచ్చేది ఆమే. తమిళావిడైనా మా మాట మాలాగే మాట్లాడుతుంది. మాత్రలు చేతిలో పెట్టి, “విడిచిపెట్టొద్దు నాగక్కా, కాళ్ళు భద్రం” అని చెప్పి పోయేది. నాగక్క ఒప్పుకునేది. నాగక్క అంతే, ఎవరు ఏం చెప్పినా ఒప్పుకుంటుంది. నవ్వుతూ ఒప్పుకుంటుంది. తీపి మాత్రం మానలేక ఏడ్చేది. టీలో బెల్లం లేకపోతే కుడితి తాగినట్టు ఉందని మొగుడికి వినపడేలా గొణుక్కునేది.

ఆ గొణుగుడే ఆంజప్పకు తట్టుకోవడం కాలేదు. పెళ్ళాం అంటే ప్రాణం ఆ మనిషికి. నోటితో చెప్పడం చేతకాదు గదా, కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. పసుపు చోటు మీద నొక్కగానే నాగక్క గాల్లోకి లేచింది. ఆంజప్ప ముఖం విప్పారింది.

“దొరికింది నాగీ! ఈడనే ఉండాది!”

అప్పటి నుంచి మొదలైంది పొద్దుటి అరుపు. ఎండల్లో అరిచింది, వానల్లో అరిచింది, మంచు కురిసే చలిలో అరిచింది. మాత్రలు కూడా వేసుకుంటూనే ఉంది, ఒకపూట మరిచిపోతూ, ఒకపూట గుర్తొస్తూ. మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి అరుపు తగ్గి మూలుగైంది. మూలుగు పోయి ఉత్త “అబ్బా” మిగిలింది. తర్వాత అదీ లేదు. ఆయన పాటికి ఆయన నొక్కుతూ ఉంటే ఈమె పాటికి ఈమె వీధి అవతలి నుంచే నాతో కబుర్లు చెప్పేది.

“రొంత గట్టిగా నొక్కప్పా, ఏమీ తెలిసేది లేదు” అనేది మధ్యలో ఆయనతో.

ఒక పొద్దున ఆంజప్ప కట్టె తీసుకున్నాడు. గుండ్రటి కొస పసుపు చోటు మీద పెట్టి ఒళ్ళంతా బరువేసి నొక్కాడు. నాగక్క వక్క కొరుకుతూ కూర్చుంది. ఆయన ఆమె ముఖం వంక చూస్తూ ఉండిపోయాడు. ఆమె కనురెప్ప కూడా ఆడలేదు. కట్టె పక్కన పడేసి వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. మాట తక్కువ మనిషి, వీధి మధ్యలో నిలబడి అరిచాడు.

“సుధామణీ! పోయిందమ్మా! సుగరు పోయింది!”

కళ్ళ నీళ్ళు కారుతున్నాయి ఆయనకు. తుడుచుకోవడం కూడా తెలియలేదు.

ఆ రోజు మధ్యాహ్నం వాళ్ళింట్లో ఓళిగలు. బెల్లం, కందిపప్పు ఉడికిన వాసన వీధంతా నిండింది. నాగక్కకు ఆయనే నెయ్యి పోశాడు. ఎన్నాళ్ళైంది అప్పా, ఎన్నాళ్ళైంది అంటూ ఆమె వేళ్ళు నాకుతూ తింది. నాకూ ఆకులో పెట్టి తెచ్చిచ్చింది. “కాళ్ళు ఎంత సుఖంగా ఉండాయో తెలుసునా సుధామణీ? కింద దూది పరిచినట్టుండాది నడిస్తే” అని చెప్పింది. ఆంజప్ప అది విని మురిసిపోయాడు.

తర్వాతి సారి అముద వస్తే నాగక్క మాత్రలు తీసుకోలేదు. అముద ఎంత పోట్లాడిందో చెప్పలేను. వేలు గుచ్చి రక్తం చూద్దాం, ఎంత ఉందో తెలిసిపోతుంది అంది.

“అమ్మా, రక్తం ఈ పొద్దు ఒకటి చెప్తాది, రేపు ఇంకోటి చెప్తాది. కాలు అబద్ధమాడదు” అన్నాడు ఆంజప్ప. కోపంగా కూడా కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

అముద నా వంక చూసింది. నేను మిషను దిగి పోయి, “అక్కా, ఆయనకు చెప్పొద్దులే, సుమ్మనే, ఊరికే ఒకటి మింగు” అని చెవిలో చెప్పాను.

“ఆయన అంత కష్టపడి బాగు చేస్తే నేను దొంగతనంగా మాత్ర మింగేదా? ఏం బాగుంటాది చెప్పు” అంది నాగక్క. పతివ్రత! నాకు ఒళ్ళు మండిపోయి మిషను దగ్గరికి వచ్చేశాను.

ఇంకొకటి జరిగింది. అది అప్పుడు ఎవరమూ లెక్కలోకి తీసుకోలేదు. నయమైపోయింది కదా, ఆంజప్ప ఆమె కాలు పట్టుకోవడం మానేశాడు. నయమైన గొర్రెను మందలోకి తోలేసినట్టే. ఊరందరి కాళ్ళూ నొక్కుతున్నాడు గానీ నాగక్క కాలు ఒళ్ళోకి తీసుకోలేదు. ఆమె తెల్లారి చెప్పులేసుకుని రోజా షెడ్డుకు పోయేది, పొద్దుగూకి వచ్చేది. ఆ అరికాలిని చూసే దిక్కు లేకపోయింది.

ఊళ్ళో జాతర దగ్గరపడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నాగక్క జాకెట్టు గుడ్డ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చెప్పులు మెట్టు దగ్గర విడిచింది. కొలత ఇచ్చింది, దాహమని లోపలికి పోయి కడవలో నీళ్ళు ముంచుకుని తాగింది, మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చుంది. చేతులు పొడుగ్గా పెట్టాలా పొట్టిగా పెట్టాలా అని మేం వాదులాడుకుంటున్నాం. ఏదో వాసన కొట్టింది నాకు. ఎలుక చచ్చిందేమోనని లోపలికి తిరిగి చూశాను. నేల మీద మిషను దగ్గర నుంచి కడవ దాకా, కడవ దగ్గర నుంచి మిషను దాకా ఎర్రగా మరకలు. ఒక్క కాలివే. నీళ్ళలా పలచగా కొన్ని, చిక్కగా కొన్ని.

“అక్కా, ఏం తొక్కినావు?”

“ఏం తొక్కినాను?” అని ఆమె కూడా నేల వంక చూసింది. “ఎవరిదే ఈ రక్తం?” అంది.

ఆమె ఎడమ కాలు పైకెత్తి చూసి నేను నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాను. చిటికెనవేలి కింద కండలో, చెప్పులోకి దూరి దిగిన రోజా ముల్లు, కొమ్మ ముక్కతో సహా. ఎప్పుడు దిగిందో ఏమో! చుట్టూ కండ నల్లబడిపోయింది. నాగక్క తన కాలిని పరాయివాళ్ళ కాలిలాగా వంగి చూసింది. “అయ్యో, ఇదెప్పుడు గుచ్చుకునింది?” అని నవ్వింది పిచ్చిది.

నేను వేసిన కేకకు ఆంజప్ప పరుగెత్తుకొచ్చాడు. నేల చూశాడు, కాలు చూశాడు. మొలతాడుకు కట్టుకున్న చిమటా తీశాడు. గొర్రెల కాళ్ళలో ముళ్ళు తీసే చిమటా అది, మంద పోయినా అది పోలేదు. కాలు ఒళ్ళోకి లాక్కుని ముల్లు పట్టుకున్నాడు. లోతుగా దిగిన ముల్లు, మెలిపెట్టి లాగాల్సి వచ్చింది. కండ చినిగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

“మోచేతి దాకా పెట్టు సుధామణీ, పొట్టివి వద్దు” అంటోంది నాగక్క. జాకెట్టు సంగతి.

నేను కళ్ళు తెరిచేసరికి ముల్లు ఆయన చేతిలో ఉంది. ఆయన ముల్లును చూడటం లేదు, ఆమె ముఖాన్ని చూస్తున్నాడు. ముల్లు కింద పడేసి బొటనవేలితో పుండు పక్కన నొక్కాడు. ముఖం చూశాడు. పసుపు చోటు నొక్కాడు, ముఖం చూశాడు. కిడ్నీ, కడుపు, గుండె, ఊపిరితిత్తులు, వేళ్ళ మొదట్లో కళ్ళు, కొసన తలకాయ. పటంలో ఉన్న చోటల్లా నొక్కుకుంటూ పోయాడు. ఎక్కడా ఉలుకు లేదు. కుడి కాలు లాక్కున్నాడు, అదీ అంతే. ఆయన పటం ప్రకారం నాగక్కకు ఒంట్లో ఏ రోగమూ లేదు. ఆయన మాత్రం రెండు కాళ్ళూ విడిచిపెట్టలేదు.

“ఏమైంది బావా?” అన్నాను.

“ముల్లు తీస్తే తన్నని గొర్రెను నేను చూసినాను సుధామణీ. అది బతకలేదు” అన్నాడు.

ఫోను చేస్తే అముద వచ్చింది. నా పెట్టెలోంచి లావుపాటి నైలాను దారం పోగు ఒకటి తీసుకుని, నాగక్కను కళ్ళు మూసుకోమంది. తగిలినప్పుడు చెప్పమంది. దారం కొస అరికాలికి ఆనించింది, వంగేదాకా ఆనించింది. మడమకు, వేళ్ళకు, గుంటలో, అన్నిచోట్లా ఆనించింది.

“ఇంకా మొదలుపెట్టలేదా అముదా?” అంది నాగక్క కళ్ళు మూసుకునే.

అముద దారం నా చేతికి ఇచ్చేసింది. ఆంజప్ప వైపు తిరిగింది. “సుగరు పోలేదు అన్నా. లోపలే ఉండి కాలి నరాలను తినేసింది. నరం చచ్చిపోతే నొప్పి తెలియదు.”

ఆంజప్ప అడిగాడు. “ఎప్పటి నుంచీ?”

“ఓళిగలు పంచినావే, అప్పటికే.”

అంత కటువుగా చెప్పాలా అని ఆ పూట నాకు అముద మీద కూడా కోపం వచ్చింది. కానీ ఎలా చెబితే మెత్తగా ఉంటుంది?

ముఖేశ్ పూల వ్యానులోనే కృష్ణగిరికి తీసుకుపోయాం. దించడానికి టైము లేక వెనక రోజాపూల బకెట్లు అలాగే ఉన్నాయి. ఆ పూల వాసన, ఈ కాలి వాసన కలిసిపోయాయి. ఇప్పటికీ రోజాపూలు తలలో పెట్టుకోలేను. కుందారపల్లి దగ్గర వ్యాను ఆగితే నాగక్క, “జాతరకు జాకెట్టు ఇచ్చేస్తావు కదా?” అని నన్ను అడిగింది. ఆంజప్ప ఆమె పాదాన్ని తన పంచెలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా నొక్కలేదు, ఊరికే పట్టుకున్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూసింది. విషం ఎముక దాకా పోయింది, మోకాలి కింద తీసేయాలి, తీయకపోతే మనిషే దక్కదు అంది. మంచిగానే చెప్పింది, కూర్చోబెట్టి చెప్పింది. ముఖేశ్ గోడకు తల కొట్టుకున్నాడు. నాగక్క అందరి ముఖాలూ చూసి, అలవాటు ప్రకారం ఒప్పుకుంది. ఈసారి నవ్వలేదు.

ఎడమ కాలిని కృష్ణగిరిలో విడిచి వాళ్ళు ఇల్లు చేరారు. జాతర వచ్చింది, పోయింది. నేను కుట్టిన జాకెట్టు మడతపెట్టిన చోటే ఉంది. నాగక్క గడప లోపల చాప మీద కూర్చుని వీధిని చూసేది. ఆంజప్పను ఆమె ఒక్క మాట అనలేదు. నేను అన్నాను. నా నోరు ఊరుకోదు. “ఆ పటం చించి పొయ్యిలో పెట్టు బావా! దాన్ని చూస్తుంటే నాకు కడుపు మండిపోతా ఉండాది!” అని వాళ్ళ గడపలో నిలబడి అరిచాను. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. పటం చించలేదు, దాని వంక చూడనూ లేదు. కాళ్ళు నొక్కించుకోవడానికి వచ్చినవాళ్ళను చేత్తోనే పొమ్మనేవాడు. కొందరు తిట్టుకుంటూ పోయారు.

ఇప్పుడు ఆయనకు ఒకటే పని. పొద్దున్నే నాగక్క కుడి కాలు ఒళ్ళోకి తీసుకుంటాడు. గోరువెచ్చని నీళ్ళతో కడుగుతాడు, ముందు తన మోచెయ్యి ముంచి వేడి చూసుకుంటాడు. పొడిబట్టతో వేళ్ళ సందులు ఒక్కొక్కటే తుడుస్తాడు. పటం చూసినట్టు అరికాలిని చూస్తాడు, ఎక్కడైనా గీత ఉందా, పొక్కు ఉందా అని. నాగక్కకు ఆయన చేయి తగులుతున్నట్టే తెలియదు. “అయిపోయిందా?” అని అడుగుతుంది మధ్యలో. అముద ఇచ్చిన మాత్రలు ఆయనే నోట్లో వేస్తాడు. ఒక్క పూట తప్పదు.

మొన్న వాన పడి వెలిసిన మధ్యాహ్నం, మిషను తొక్కుతున్నాను. ఎదురింట్లోంచి అరుపు వినపడింది.

“అమ్మమ్మమ్మా, చచ్చినా!”

అదే అరుపు. నా కాలు మిషను మీదే ఆగిపోయింది. దారం తెగింది. లేచి పరుగెత్తాను. నాకంటే ముందే పెరట్లోంచి ఆంజప్ప వచ్చేశాడు, చేతులకు మట్టితోనే. వచ్చీ రాగానే నాగక్క కుడి కాలు రెండు చేతులతో పట్టుకున్నాడు.

“నొచ్చిందా? నొచ్చిందా నాగీ?” ఆయన ముఖం చూడాలి మీరు. ఓళిగల రోజు కూడా అంత వెలుగు లేదు. “సుధామణీ, కాలికి ప్రాణమొచ్చింది!”

నాగక్క పళ్ళు బిగబట్టి తల అడ్డంగా ఊపింది. చెమటలు కారిపోతున్నాయి ఆమెకు.

“ఆ కాలు కాదప్పా,” అంది. “ఇది.”

మోకాలి కింద ఏమీ లేని చోట చాప మీద చేయి పెట్టి చూపించింది.

ఆంజప్ప ఆ చాప వంక చూశాడు. నేను అముదకు ఫోను చేశాను. అలా వస్తుందట. కాలు పోయినా తలకాయలో ఆ కాలి చోటు అలాగే ఉంటుందట. అబద్ధపు నొప్పి కాదు, నిజం నొప్పే, మందు ఉంది, కొంచెం తగ్గుతుంది, రేపు వస్తాను అంది. ఫోను పెట్టేసి చెప్పాను. ఆంజప్ప విన్నాడో లేదో తెలియదు. చూద్దామంటే అక్కడ కాలు లేదు. నొక్కుదామంటే చోటు లేదు. ఆయన మోకాళ్ళ మీద ఆమె పక్కకు జరిగాడు.

“యాడ నాగీ?” అన్నాడు. “యాడ నొచ్చేది? చెప్పు.”

ఆ మనిషి నోట అలాంటి ప్రశ్న వినడం నాకు అదే మొదలు.

“గుంటలో అప్పా. నువ్వు నొక్కేవాడివే, ఆడనే.”

ఆయన చాప మీద పాదం ఉండాల్సిన చోటును వెతుక్కున్నాడు. మడమ ఇక్కడ, వేళ్ళు ఇక్కడ అని చేత్తో కొలుచుకున్నాడు. నడిమిన బొటనవేలు ఆనించి మెల్లగా నొక్కాడు. నొక్కుతూ ఆమె ముఖంలోకి చూశాడు.

నాగక్క ఎవరు ఏం చెప్పినా ఒప్పుకునే మనిషి. తగ్గిందని ఒక్క మాట అంటుందేమోనని నేను కూడా ఎదురుచూశాను.

“ఇంకా నొస్తా ఉండాదప్పా” అంది.